సముద్రాన్ని చెరువన్నాను

చెన్నై నుంచి మూడు రాత్రులు ఓడలో పడి ఉండి, పోర్ట్ బ్లెయిర్‌లో హడ్డో రేవు దగ్గర దిగాను. పొద్దున ఆరు. వాన. గడియారం ఆరంటున్నా వెలుతురు మాత్రం మన ఎనిమిది గంటలప్పటిది. చేతిలో ట్రంకు పెట్టె, భుజాన పక్కబట్టలు చుట్టిన హోల్డాలు. నేల మీద కాలు పెట్టగానే నేల ఊగింది. రేవు గోడ పట్టుకుని నిలబడ్డాను. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన కేరళ హవల్దార్ నవ్వి, అందరికీ ఇంతేనని, మధ్యాహ్నానికి సర్దుకుంటుందని చెప్పాడు. ట్రక్కు ఎక్కమన్నాడు.

అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఊరి గురించి తెలుసుకోవాల్సినవన్నీ నేను దెబ్బలు తిని నేర్చుకున్నవే.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, నేను ఫౌజు నుంచి వచ్చేసి హిందూపురంలో ఉంటున్నాను. మా వీధివాళ్ళు కొందరు కలిసి అండమాన్ టూరు పెట్టుకున్నారు. ఎప్పుడూ సముద్రం దాటినవాళ్ళు కారు. నువ్వు ఆడ ఉద్యోగం చేసినోడివి కదప్పా, మొదటిసారి పోయేవాళ్ళకు ఏమేమి తెలియాలో ఒక పేజీ రాసియ్యమని అడిగారు. రాయడానికి కూర్చున్నాను. పేజీతో తెగలేదు.

ముందు వాళ్ళకు పనికొచ్చేవి చెబుతాను. అక్కడ సూర్యుడు మనకంటే ముందే లేస్తాడు, ముందే పోతాడు. సాయంత్రం ఐదున్నరకు చీకటి. ఆరింటికి బీచి చూద్దాంలే అనుకుని హోటల్లో నిద్రపోతే చీకటినే చూసి రావాలి. వాన ఏడాదిలో సగానికి పైనే. గొడుగు గాలికి తిరగబడుతుంది, రెయిన్ కోటు తీసుకుపోండి. తడి బూట్లు మూల పడేస్తే నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, కానీ ఎండాకాలం వస్తే కుళాయి రోజు మార్చి రోజు. అబర్డీన్ బజారు వెనక సందులో బిందెల వరస చూసినరోజు నాకు హిందూపురంలోనే ఉన్నానా అని అనుమానం వచ్చింది.

మనుషుల సంగతి. అంగట్లో అందరిదీ హిందీ. ఇంటికి పోయాక ఒకరిది బెంగాలీ, ఒకరిది తమిళం, ఒకరిది మలయాళం. రాంచీ వైపు నుంచి ఎప్పుడో కూలికి వచ్చినవాళ్ళు, బర్మా నుంచి వచ్చిన కారెన్లు, నికోబారీలు. జంగ్లీఘాట్ అని చేపల రేవు ఉంది. అక్కడ శ్రీకాకుళం వైపు తెలుగు వినిపిస్తుంది. మసీదు, గుడి, చర్చి ఒకే రోడ్డు మీద ఉంటాయి. ఎవరినైనా మీది ఏ ఊరని అడక్కండి. ఈ ఊరే అంటారు, కొంచెం చిరాగ్గా. వాళ్ళ తాత పుట్టింది కూడా అక్కడే మరి. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు మాట్లాడే మనవాళ్ళకు ఆ ఊరు తొందరగానే అలవాటవుతుంది.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకోవద్దు. తిరుగు ప్రయాణంలో పెట్టె తెరిచి తీసేసుకుంటారు, పరువు పోతుంది. అడవిలో ఉండే మనుషుల ఫోటోలు తీయొద్దు. అది నేరం, పైగా సిగ్గుమాలిన పని. మొసలి బొమ్మ ఉన్న బోర్డు కనిపిస్తే దాని ముందు నిలబడి సెల్ఫీ దిగొద్దు. అక్కడ మొసలి ఉందని చెప్పడానికే దాన్ని పెట్టారు.

ఇవన్నీ నాకు నోటికి వచ్చు. ఎందుకంటే మొదటి ఏడు నిండకముందే నాకు ఆ పనే అప్పజెప్పారు. కొత్తగా వచ్చే జవాన్లను, వాళ్ళ కుటుంబాలను రేవులో దింపుకుని, వరసలో నిలబెట్టి, ఊరి సంగతులు, జాగ్రత్తలు చెప్పడం. సుబేదార్ సాబ్ పంజాబీ మనిషి. నువ్వు బాగా భయపెడతావు, నువ్వే చెప్పు అన్నాడు. నిజమే, నాకు కోపం ఎక్కువ. నా మాట వింటూ ఎవడైనా ఫోను చూసుకుంటే అక్కడే వానలో అరగంట నిలబెట్టేవాణ్ణి.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఆటుపోట్ల గురించి. మేముండే పోస్టు ఊరికి దూరంగా ఒక క్రీకు మీద ఉండేది. క్రీకంటే సముద్రం నేల లోపలికి చొచ్చుకొచ్చిన పాయ. రోజుకు రెండుసార్లు అందులో నీళ్ళు వెనక్కి పోతాయి, రెండుసార్లు తిరిగొస్తాయి. పున్నమికి, అమావాస్యకు పాయ అడుగంతా బయటపడుతుంది. బురద, రాళ్ళు, మడచెట్ల వేళ్ళు. తిరిగొచ్చేటప్పుడు నీళ్ళు ఎదురుగా మాత్రమే రావు. పక్క కాలవల్లోంచి తిరిగొచ్చి వెనక దారి మూసేస్తాయి. అందుకని పోస్టు గోడకు నల్లబల్ల పెట్టి, ఏ పూట ఎప్పుడు పోటో రాసేవాళ్ళం. అవతలి ఒడ్డుకు పోవాలంటే వంతెన మీదుగా తిరిగి పోవాలి. గంట నడక. పాయలోంచి అడ్డంగా పోతే పావుగంటే. పోకూడదు. అది ఆర్డరు.

రెండో ఏడు వానల్లో ఒక బ్యాచ్ వచ్చింది. అందులో రేడియో ఆపరేటరు ఒకడు. పోస్టులో అందరూ అతణ్ణి సిగ్నల్ అనే పిలిచారు, నేనూ అలాగే పిలిచాను. వరసలో నిలబెట్టి హిందీలో అన్నీ చెప్పాను. అన్నిటికీ తలూపాడు. అయిపోయాక దగ్గరికి వచ్చి, "అన్నా, మీది సోమందేపల్లంట గదా. మాది ధర్మవరం" అన్నాడు.

నేను వేరుశనక్కాయలు పండే నేల ఉన్న రైతుల ఇంట్లోంచి వచ్చినవాణ్ణి. పెనుకొండ కొండదారి మీద పరుగులు తీసి ఫౌజులో పడ్డాను. అతనిది మగ్గాల ఇల్లు. నాయన, అన్న పట్టుచీరలు నేస్తారు. సర్వీసు అయిపోయాక తనూ పోయి నాయన మగ్గం మీద కూర్చుంటానన్నాడు. ఆ రోజు సామాన్లు కూడా దించకుండా గంటసేపు వేరుశనక్కాయల గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. ఏడాది తర్వాత మన యాస నోరారా మాట్లాడాను. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

కానీ అతనికి నీళ్ళంటే భయం. ఓడలో మూడు రోజులు వాంతులు. పోస్టులో అతని మంచానికి పది అడుగుల దూరంలో పాయ. నిద్ర పట్టేది కాదు. పడుకుంటే నీళ్ళు మంచం కిందికి వస్తున్నట్టు ఉంటుందని చెప్పేవాడు. వారం గడిచేసరికి కళ్ళు గుంటలు పడ్డాయి. రేడియోలో ఒక మెసేజ్ తప్పు చదివాడు. సుబేదార్ సాబ్ చూసి, వీడు పనికిరాడు, వెనక్కి పంపేద్దాం అన్నాడు. వెనక్కి పంపడమంటే అతని కాగితాల్లో మచ్చ. నేను మాట్లాడతానని చెప్పాను.

సాయంత్రం ఇసక బస్తాల మీద కూర్చోబెట్టాను. పాయ నిండుగా ఉంది, గాలి లేదు. అవతల కొండ, కొండ కింద కొబ్బరిచెట్లు. నేను చూపించి అన్నాను:

"ఏముందబ్బా ఈడ. కొబ్బరిచెట్లు తీసేసి సూడు. మన ధర్మవరం చెరువు మాదిరే ఉండాది."

అతను చాలాసేపు చూశాడు. తర్వాత, అవునన్నా, ఆ కొండ మన ఊరి పక్కదే అనిపిస్తాంది అన్నాడు. ఆ రాత్రి గురకపెట్టి నిద్రపోయాడు.

ఆ తర్వాత అది చెరువే అయిపోయింది. ఇంటికి ఫోను చేస్తే మా పోస్టు చెరువు కట్ట మీద ఉండాదని చెప్పేవాడు. బీహారీ వంటవాడు కూడా గిన్నెలు కడగడానికి పోతూ చెరువుకి పోతున్నా అనేవాడు, ఆ ఒక్క తెలుగు మాట నేర్చుకుని. రేడియోలో పొద్దుటి రిపోర్టు ఇచ్చేటప్పుడు సిగ్నల్ చివర్లో చెరువు నిండింది, ఓవర్ అనేవాడు. అవతలివాళ్ళకు అర్థం కాక తిట్టేవాళ్ళు. మేం నవ్వేవాళ్ళం. సుబేదార్ సాబ్ నా భుజం తట్టి, మంచి వైద్యం చేశావన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఎన్ని బ్యాచ్‌లకు ఎన్ని జాగ్రత్తలు చెప్పానో, వాటిలో ఒక్కటి కూడా ఆ ఒక్క మాటంత లోపలికి పోలేదు.

మరుసటి ఎండాకాలం. పున్నమి. మధ్యాహ్నానికి పాయ పూర్తిగా ఖాళీ అయింది. అవతలి ఒడ్డున స్టోరు, అక్కడ రేడియో బ్యాటరీ ఛార్జింగులో ఉంది. తీసుకురమ్మని సిగ్నల్‌ను పంపాను. రోడ్డు మీద పొమ్మన్నాను. నేను పోస్టు మీద బైనాక్యులర్‌తో ఉన్నాను. కాసేపటికి చూస్తే పాయ నడిమధ్యలో ఉన్నాడు. సంచి తలమీద పెట్టుకుని, ఎండిన చెరువులో అడ్డంగా పోయే మనిషి నడకే. ధర్మవరంలో చెరువు ఎండితే అందరూ అలాగే పోతారు. పాలవాళ్ళు, బడిపిల్లలు, చీరల మూటలు మోసేవాళ్ళు. కట్ట చుట్టూ ఎవరు తిరుగుతారు?

వాకీటాకీలో తిట్టాను. అప్పటికే సగం దాటాడు, వెనక్కి రమ్మన్నా అంతే దూరం. పోయి, వచ్చేటప్పుడు మాత్రం రోడ్డు మీదే రమ్మన్నాను. సరే అన్నా, ఓవర్ అన్నాడు. సరే అన్నాడు కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను.

స్టోరులో టీ తాగుతూ కూర్చున్నాడు. బ్యాటరీ బరువు. పాయ చూస్తే ఇంకా పొడిగానే కనిపించింది. అడ్డంగానే బయల్దేరాడు. నేను లెక్క వేసి చెబుతున్నాను, ఆగకుండా నడిచి ఉంటే ఇవతలికి చేరేవాడు. అతను ఆగాడు.

వాకీటాకీ పలికింది. "అన్నా, చెరువుకి నీళ్ళొస్తాండాయి. ఓవర్."

గొంతులో భయం లేదు. ఆ గొంతు నేను మా ఊళ్ళో విన్నాను. మావైపు ఏళ్ళకేళ్ళు ఎండిన చెరువుకు నీళ్ళొస్తున్నాయని తెలిస్తే అన్ని పనులూ ఆగిపోతాయి. మగ్గాలు ఆపేస్తారు, అంగళ్ళు మూసేస్తారు. ఆడవాళ్ళు పసుపు కుంకుమలతో ఎదురుపోతారు. వచ్చే నీటికి ఎదురు నిలబడతారు, పాదాలు తడిసేదాకా. దాన్ని చూసి పక్కకు తప్పుకునేవాడు మావైపు ఉండడు. నీళ్ళొస్తుంటే నిలబడి చూడటం మాకు చిన్నప్పటి నుంచీ వచ్చిన మర్యాద. అతను అదే చేశాడు. నడిమధ్యలో బ్యాటరీ దింపి, నిలబడ్డాడు.

మా చెరువులో నీళ్ళు ఒక వైపు నుంచి, మెల్లగా, రోజుల తరబడి వస్తాయి. ఇక్కడ అతని వెనక మడచెట్ల కాలవలోంచి వచ్చేశాయి. మోకాళ్ళు మునిగాక తెలిసింది. కదలబోతే కుడికాలు రాళ్ళ సందులో దిగబడింది.

నేను బస్తాలు దాటి దూకి పరుగెత్తాను. వంటవాడు నా వెనక. నీళ్ళు నా నడుము దాటాయి. దేవుడి దయవల్ల జంగ్లీఘాట్ పెద్దాయన ఒకాయన చిన్న డోంగీ పడవ మీద పాయలోకి వస్తున్నాడు. రోజూ ఆ దారినే వలలు తీసుకుపోయే జాలరి. నా కేకలు విని పడవ తిప్పాడు. నేను సిగ్నల్ దగ్గరికి చేరేసరికి అతనికి గొంతుదాకా ఉన్నాయి. గడ్డం ఎత్తి పట్టుకున్నాను. పెద్దాయన పడవ వంటవాడికి అప్పజెప్పి మునిగాడు. తేలి, ఊపిరి తీసుకుని నాతో అన్నాడు:

"కాలు ఇరుక్కుపోనాది బాబూ. లాగితే సీరుకుపోద్ది. లాగీమంటావా?"

లాగమన్నాను. ఇంకేమనగలను? రెండోసారి మునిగినప్పుడు కాలు వచ్చింది. రాళ్ళకు అంటిన ఆల్చిప్పల పెంకులు చీలమండ దగ్గర ఎముకదాకా కోశాయి. పడవలో నెత్తురు.

ఆ గాయం మామూలుగా మానలేదు. ఉప్పునీటి విషం ఎక్కిందన్నారు. జ్వరం, కాలు నల్లబడటం. నాలుగోరోజు డాక్టరు ప్రాణమా, పాదమా అన్నట్టు చెప్పాడు. పాదం తీసేశారు.

విచారణ జరిగింది. నల్లబల్ల మీద పోటు సమయం సరిగ్గా రాసి ఉంది. జాగ్రత్తలు చెప్పినట్టు బ్యాచ్ అంతా సాక్ష్యం. రోడ్డు మీద రమ్మని నేను వాకీటాకీలో చెప్పింది వంటవాడు విన్నాడు. నా తప్పేమీ లేదని, పైగా ధైర్యం చూపానని తేల్చారు. కబురు అందగానే పరుగెత్తావా అని అడిగారు. వెంటనే పరుగెత్తానని చెప్పాను. చెరువు మాట ఎవరూ అడగలేదు. అడిగే మాట కూడా కాదది.

సిగ్నల్‌ను పెన్షను మీద ఇంటికి పంపేశారు. నేను మిగిలిన సర్వీసు పూర్తి చేసి, ఓడెక్కి, చెన్నై నుంచి రైల్లో వచ్చాను. పెనుకొండ స్టేషన్లో దిగి బయట నిలబడ్డాను. కొండ మీద ఎండ. నేల ఈసారి ఊగలేదు. ఇంటికి పోయే బస్సు ఎదురుగా ఉంది. నేను ధర్మవరం బస్సెక్కాను.

అంతకుముందు అతను ఫోన్లు చేసేవాడు. నేను రెండు మాటలు మాట్లాడి పెట్టేసేవాణ్ణి. అన్నా, నువ్వు లేకుంటే సచ్చిపోయుందును అంటుంటే వినలేకపోయేవాణ్ణి. ఇంటికి పోతే ఇంకా కష్టమైంది. వాళ్ళమ్మ వాకిట్లోకి వచ్చి, నా కొడుకుని నీళ్ళలోంచి తెచ్చినోడు అని వీధంతా వినపడేలా చెప్పింది. పక్కింటివాళ్ళు వచ్చి చూశారు. ఓళిగలు, అదే బొబ్బట్లు, వడ్డించారు. నెయ్యి వద్దంటే వినలేదు. తినకపోతే బాధపడతారు, తింటే నేను దొంగలాగా ఉన్నాను.

భోజనాలయ్యాక మగ్గం చూపించాడు. మగ్గం గుంతలో కూర్చుని కాళ్ళతో చెక్కలు తొక్కితేనే పోగులు పైకీ కిందికీ తెరుచుకుంటాయి. అతను ఎడమకాలితో ఒక్కదాన్నే తొక్కుతున్నాడు. రెండోదానికి తాడు కట్టి భార్య చేతికిచ్చాడు. అతను తొక్కినప్పుడు ఆమె వదలాలి, అతను వదిలినప్పుడు ఆమె లాగాలి. ఆమెకు వేరే పని చేసుకునే వీలు లేదు. ఇంతకుముందు అతను సెలవుకి వచ్చినప్పుడు ఇద్దరూ రెండు మగ్గాలు నేసేవాళ్ళట.

అప్పుడు చెప్పేశాను. కూర్చుని కూడా చెప్పలేదు, గడప దగ్గర నిలబడి చెప్పాను. అది సముద్రమని తెలిసీ చెరువని చెప్పింది నేనేనని, నీకు నిద్ర పట్టాలని చెప్పాననీ, ఆ మాట చెప్పకపోయుంటే నువ్వు ఆ పాయలో దిగేవాడివి కాదనీ. నాకు మెచ్చుకోళ్ళు వద్దనీ.

సిగ్నల్ గుంతలోంచి తలెత్తాడు. "తెలుసు గదన్నా. దాంట్లో నీ తప్పేముండాది? నువ్వు ఆ మాట అన్న్యాకనే నాకు ఆడ నిద్ర పట్టింది. నీళ్ళొస్తాంటే నిలబడకుండా పోయేటోడు మన సీమలో యాడుండాడు?"

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇన్నాళ్ళ బరువు దిగిపోతుందనుకున్నాను. అప్పుడు అతని భార్య, తాడు వదలకుండానే, కోపం లేకుండానే అంది:

"నిద్ర పట్టకుండా ఉన్నింటే వాపసు పంపించేస్తా ఉన్నిరి గదన్నా. కాలు ఉండేది."

సిగ్నల్ ఊరుకోమన్నట్టు చూశాడు. ఆమె తాడు లాగింది. మగ్గం మళ్ళీ మొదలైంది. ఆమె చెప్పింది నిజం. ఆ ఇంట్లో నాకు అన్నం పెట్టినవాళ్ళందరికంటే నన్ను సరిగ్గా చూసింది ఆమే. పోయొస్తానని చెప్పి బస్టాండుకు నడిచాను. ఇప్పటికీ ధర్మవరం పోతూ ఉంటాను. ఆమె మంచినీళ్ళు ఇస్తుంది, బాగుండావా అన్నా అంటుంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నాకు అనిపిస్తుంది.

మా వీధివాళ్ళకు పేజీ రాసిచ్చాను. రెయిన్ కోటు, తొందరగా పడే చీకటి, గవ్వలు, మొసలి బోర్డు. సముద్రాన్ని మన ఊళ్ళో ఉన్న దేనితోనూ పోల్చుకోవద్దని కూడా రాశాను. ఇదేంటప్పా, కవిత్వం రాసినావే అని నవ్వారు. నవ్వనిచ్చాను.

వాళ్ళకు రాయనిది ఒకటుంది. విచారణలోనూ చెప్పలేదు, సిగ్నల్‌కూ చెప్పలేదు. చెరువుకి నీళ్ళొస్తాండాయి అని వాకీటాకీ పలకగానే బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకున్నాను. అతను నాకు చేతికందేంత దగ్గరగా కనిపించాడు. వచ్చే నీటిలోకి వంగాడు. దోసిలి పట్టి కళ్ళకద్దుకున్నాడు, నెత్తిన చల్లుకున్నాడు. ఉప్పునీళ్ళు. తర్వాత పోస్టు వైపు తిరిగి, రా అన్నా, వచ్చి సూడు అన్నట్టు చెయ్యెత్తి ఊపాడు. ముఖం నిండా నవ్వు. పోటు బల్ల రాసింది నేను. ఆ నీళ్ళేమిటో ఆ పోస్టులో అందరికంటే నాకు బాగా తెలుసు. అయినా నాకూ ఒళ్ళు పులకరించింది. పరుగెత్తడానికి ముందు, నవ్వుతూ, నేను కూడా చెయ్యెత్తి ఊపాను.